గ్రామసింహం విడిది

కుక్కకు మన పెద్దలు గ్రామసింహమని పేరు పెట్టారు. ఆ పేరు పెట్టిన మహానుభావుడెవరో కుక్కను వీధిలో చూశాడేగాని, రెండు రోజులు యింట్లో పెట్టుకుని చూసినట్టు లేదు. చూసి ఉంటే ఒక్క సింహంతో సరిపెట్టేవాడు కాడు. కోతినీ, లేడినీ, అప్పుడే పలుపు తెంచుకున్న కోడెదూడనూ కూడా ఆ సమాసంలో యిరికించి ఉండేవాడు.

నేను రాజమహేంద్రవరంలో ఒక కళాశాలలో తెలుగు పాఠాలు చెప్పుకుని బతుకుతున్నవాణ్ణి. భారతం, ఛందస్సు, వ్యాకరణం, వీటితోనే ఇరవై యేళ్లుగా నా కాలక్షేపం. కుక్కల సంగతి నాకు నిఘంటువులో ఉన్నంతవరకే తెలుసు. శునకము, జాగిలము, సారమేయము, కుక్కురము అని పర్యాయపదాలు గడగడా అప్పజెప్పగలను. కాని ఆ పర్యాయపదాల్లో ఒకటి ఎదురుగా వచ్చి, ముందరి కాళ్లు రెండూ నా పొట్టమీద ఆనించి నిలబడితే ఏం చెయ్యాలో ఏ నిఘంటువులోనూ రాసి లేదు.

మొన్నటి ధనుర్మాసంలో, సంక్రాంతి సెలవులిచ్చిన శుక్రవారం సాయంత్రం, మా రెండో సంవత్సరం విద్యార్థిని ఒకమ్మాయి మా గేటు దగ్గర నిలబడి "మాస్టారూ!" అని పిలిచింది. ఒక చేతిలో సంచీ, ఇంకో చేతిలో తాడు. తాడు చివర ఉన్నది మాత్రం ఒకచోట నిలబడి లేదు. అది ఆ పిల్లచుట్టూ మూడు ప్రదక్షిణాలు చేసి, ఆమె కాళ్లను తాడుతో కట్టేసి, తన పని అయిపోయినట్టుగా నావంక చూసి తోక ఊపింది. గోధుమరంగు ఒళ్లు, తెల్లని పాదాలు, ఎడమచెవి కొసన చిన్న గాటు. వయసు ఎనిమిది నెలలట. పేరు పటాసు.

సంగతేమిటంటే, ఆ అమ్మాయి ఉండే హాస్టలు ఆవరణలో కిందటి వేసవిలో ఒక కుక్క ఈనింది. పిల్లల్లో మిగిలింది ఇదొక్కటే. హాస్టలు అమ్మాయిలే తలా ఇంత వేసుకుని దీన్ని పెంచారు. పశువుల ఆసుపత్రికి తీసుకుపోయి ఆపరేషను చేయించారు, రేబిస్ టీకా వేయించారు. చెవి గాటు ఆ ఆపరేషను గుర్తేనట. 2025 నవంబరులో విద్యాసంస్థలు, ఆసుపత్రులు, బస్సు స్టాండ్ల ఆవరణల్లో తిరిగే వీధికుక్కలను అక్కణ్ణించి తీసి ఆశ్రయాలకు చేర్చాలని సుప్రీంకోర్టు చెప్పిన తరవాత, హాస్టలువారు ఇక వీల్లేదన్నారు. వాళ్లను తప్పు పట్టడానికీ లేదు. పిల్లలు ఊరంతా తిరిగి, చివరికి కడియం దగ్గర పూలమొక్కల నర్సరీ పెట్టుకున్న ఒక కుటుంబాన్ని ఒప్పించారు.

"పండగ వెళ్లగానే వచ్చి తీసుకుపోతామన్నారు మాస్టారూ. ఈలోగా హాస్టలు మూసేస్తున్నారు. మా అమ్మావాళ్లుండేది అద్దె గది. తీసుకెళ్లడానికి లేదు. మీ యింటికి పెరడుంది కదండీ..."

నేను "లోపల అడిగి చెబుతాను" అన్నాను. సంసారి అన్నవాడెవడైనా ఆ మాటే అంటాడు. లోపలికి వెళ్లేసరికి మా ఆవిడ అరిసెలకని బియ్యం నానబోస్తోంది. "నన్నడుగుతున్నారా, నాకు చెబుతున్నారా?" అంది. ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ వెనక్కి తిరిగి చూస్తే, మా అమ్మాయి అప్పటికే వాకిట్లో మట్టిలో కూర్చుని దాని మెడ కావలించుకుని ఉంది. ఇంక అడగడానికీ చెప్పడానికీ ఏమీ మిగల్లేదు.

మా అమ్మకు డెబ్భై అయిదేళ్లు. మడీ ఆచారం గల మనిషి. వీధిగుమ్మంలో నిలబడి పటాసును పైనించి కిందికి ఒకసారి చూసి తన షరతులు చెప్పింది. "వంటింటి గడప, దేవుడిగది గడప, నా మంచం. ఈ మూడూ దాటకూడదు. దాటితే అదన్నా ఉండాలి, నేనన్నా ఉండాలి."

ఆ అమ్మాయి వెళ్తూ వెళ్తూ నా చేతిలో ఒక కాగితం పెట్టింది. "పొద్దునా సాయంత్రం బాగా పరుగెత్తించాలి. ఒళ్లు అలవకపోతే యిల్లు పీకేస్తుంది. మీదికి గెంతితే కసరవద్దు, కొట్టవద్దు. వీపు తిప్పి నిలబడండి. నాలుగు కాళ్లూ నేలమీద ఆనినప్పుడే పలకరించండి. కొరకడానికి పాతగుడ్డ ముడివేసి ఇవ్వండి. ఉల్లిపాయ, చాక్లెట్, ద్రాక్ష, కిస్మిస్ పళ్లు పెట్టవద్దు, విషం. రాత్రి చలికి గోనెసంచీ వెయ్యండి." చివర రెండుసార్లు గీత గీసి, "గేటు గడియ తప్పకుండా పెట్టండి" అని ఉంది. నా విద్యార్థుల రాతలో తప్పులు దిద్దకుండా నేను చదివిన మొదటి కాగితం అదే.

శనివారం తెల్లవారుజామున అయిదింటికి గుళ్లో మైకులో తిరుప్పావై మొదలయింది. మరుక్షణం మా పెరట్లో పటాసు గొంతు కలిపింది. గుళ్లోవారు ఆపితే తనూ ఆపుతుంది, వారందుకుంటే తనూ అందుకుంటుంది. వీధిలో ఒక్కొక్క యింట్లోనే దీపాలు వెలిగాయి. పాలు తెచ్చినతను గేటవతలే ఆగిపోయి, "కుక్కని కొన్నారేంటండీ మాస్టారూ?" అన్నాడు.

"మాది కాదయ్యా. పది రోజులుంటుందంతే" అన్నాను.

ఆరింటికి దాన్ని గోదావరి గట్టుకు తీసుకువెళ్లాను. తీసుకువెళ్లానని రాశానుగాని, వ్యాకరణంలో కర్త ఎవరో కర్మ ఎవరో తేల్చి చెప్పడం కష్టం. పౌషమాసపు మంచు గోదావరిమీద దుప్పటి కప్పినట్టుంది. 1997లో రైళ్లు మానేసిన పాత వంతెన, దాని పక్కన కొత్తవీ, అన్నీ సగం దాకా కనబడి తరవాత మంచులోకి వెళ్లిపోయాయి. రేవులో మునిగి లేచిన ఆడవాళ్లు అరిటిదొప్పల్లో దీపాలు వదులుతున్నారు. ఆ దీపాలేమిటో చూడాలని పటాసుకు అనిపించింది. నేను మోకాలిదాకా తడిసి యింటికి వచ్చాను. ఇరవై యేళ్లుగా యిదే ఊళ్లో ఉంటూ, శీతాకాలం పొద్దున గోదావరిని ఇంత దగ్గరగా నేను చూడలేదన్న సంగతి ఆ తడిబట్టల్లోనే గుర్తుకొచ్చింది.

ఎనిమిదింటికి దండెంమీద ఆరవేసిన మా అమ్మ మడిచీర కొంగు గాలికి కదిలింది. కదిలేదేదైనా పటాసుకు ఆహ్వానమే. చీర నేలమీదికొచ్చింది. మా అమ్మ ఏమీ అనకుండా మళ్లీ స్నానానికి వెళ్లింది. ఆ మౌనానికి నేను భయపడ్డాను.

పదింటికి అరిసెల కార్యక్రమం. తడిబియ్యం పిండి పట్టించి తెచ్చాం. పక్కింటివారిద్దరు సాయం వచ్చారు. బెల్లం పాకం ఉడుకుతోంది. పాకం ముదిరితే అరిసె రాయి, లేతదయితే నేతిలో విచ్చిపోతుంది. అందరి చూపూ ఆ గిన్నెమీదే ఉంది. గడప దాటకూడదన్న షరతు పటాసు పాటించిందనే చెప్పాలి. గడప యివతలే నిలబడి, మెడ చాపి, పిండిపళ్లెం అంచు పట్టుకుని లాగింది. ఒంటినిండా పిండితో, ఒళ్లంతా విభూతి పూసుకున్న కాలభైరవుడి వాహనంలాగా అది వీధి గుమ్మందాకా పరుగెత్తింది. సరిగ్గా అప్పుడే గ్యాసుబండ దింపుతున్న మనిషి బండను అక్కడే వదిలేసి గోడెక్కాడు. గోడమీదనించే అడిగాడు: "మీ కుక్కేనాండీ?"

"మాది కాదు నాయనా. దిగు, ఏమీ చెయ్యదు."

మధ్యాహ్నం దిద్దవలసిన జవాబు పత్రాలు ముందు వేసుకుని కూర్చున్నాను. అరవై ఎనిమిదున్నాయి. పది దిద్దేసరికి యింట్లో చప్పుడు లేదని గమనించాను. పసిపిల్లలున్న యింట్లోనూ, ఇటువంటి అతిథులున్న యింట్లోనూ చప్పుడు లేకపోవడం మంచి శకునం కాదు. నా కొత్త చెప్పుల్లో ఎడమది మాత్రం తినేసింది. కుడిది ముట్టుకోలేదు. ఒంటిచెప్పు చేత్తో పట్టుకుని వాకిట్లో నిలబడి ఉండగా మా కాలనీ సంఘం కార్యదర్శిగారు అటు వచ్చారు. "మాస్టారూ, తెల్లవారుజామున మీ వైపునించి ఏదో..." అని సాగదీశారు.

"అబ్బే, మాది కాదండి. మా స్టూడెంటుది. పండగ వెళ్లగానే వెళ్లిపోతుంది."

ఒక్కరోజులో అది మూడోసారి. ఆ మాట అన్నప్పుడల్లా నాలో ఎక్కడో ముల్లు గుచ్చుకున్నట్టయింది. అబద్ధం కూడా కాదు. అయినా ఎందుకో నాకు రాత్రిదాకా అంతుపట్టలేదు.

రాత్రి భోజనాలయిన తరవాత మళ్లీ పత్రాలు తీశాను. పాఠం మహాప్రస్థానం. పాండవులందరూ దారిలో ఒక్కొక్కరే పడిపోగా చివరికి ధర్మరాజు వెంట మిగిలింది ఒక కుక్క. దాన్ని వదిలి రథమెక్కమని ఇంద్రుడంటాడు. నన్ను నమ్మి వచ్చినదాన్ని వదలనంటాడు ధర్మరాజు. ఆ కుక్కే ధర్ముడు. పిల్లలంతా ఈ కథ బాగానే రాశారు. భారతం చివర కుక్క ఉన్నదని అందరికీ తెలుసు. మొదట్లోనూ ఉన్నదని చాలామందికి గుర్తుండదు. ఈ మా ఊళ్లోనే, రాజరాజనరేంద్రుడి కొలువులో నన్నయగారు తెలుగు చేసిన ఆదిపర్వంలో సరమ కథ వస్తుంది. జనమేజయుడి యాగశాల దగ్గరికి ఒక కుక్కపిల్ల ఆడుకుంటూ వస్తే రాజుగారి తమ్ముళ్లు దాన్ని కొడతారు. అది ఏడుస్తూ తల్లి దగ్గరికి పోతుంది. తల్లి సరమ వచ్చి, నా బిడ్డ ఏం తప్పు చేసిందని కొట్టారని అడుగుతుంది. సంస్కృత మూలంలో ఆ ప్రశ్నకు అక్కడున్నవాళ్లెవరూ జవాబు చెప్పరు. అంతటి భారతమూ ఒక కుక్క అడిగిన ప్రశ్నతో మొదలై, ఒక కుక్కను వదలనన్న మాట దగ్గరికి వచ్చి ఆగుతుందని నేను ఇరవై యేళ్లుగా తరగతిలో చెబుతున్నాను. చప్పట్లు కూడా కొడతారు.

పత్రం పక్కన పెట్టేశాను. ముల్లు ఎక్కడుందో అప్పుడు తెలిసింది.

నాకు తొమ్మిదేళ్లప్పుడు మేము ఇంకో ఊళ్లో ఉండేవాళ్లం. మా నాన్న ఒక ఆఫీసులో గుమాస్తా. ఉన్నది అద్దె వాటా. వీధరుగు కింద ఒక నల్లకుక్క ఉండేది. నేనే దానికి నల్లడని పేరు పెట్టాను. నా చేతి అన్నం తినేది, బడిదాకా వచ్చేది. ఆ రోజుల్లో ఊళ్లో కుక్కలు ఎక్కువైతే పట్టుకుపోయి చంపడమే పద్ధతి. చంపడం కాదు, ఆపరేషను చేసి, టీకా వేసి, తెచ్చినచోటనే వదలాలని కేంద్రప్రభుత్వం నిబంధనలు తెచ్చింది తరవాత ఎప్పుడో, 2001లో. పెంపుడు కుక్క అయితే లైసెన్సు కట్టి మెడలో బిళ్ల వెయ్యాలి. నల్లడి మెడలో బిళ్ల లేదు. ఒక పొద్దున బండి వచ్చింది. కుక్కలంటే కిట్టని మా యింటివారు వరండాలో నిలబడి చూస్తున్నారు. బండి మనిషి మా నాన్ననడిగాడు: "ఎవరిదండీ యిది?"

మా నాన్న యింటివారివంక చూశాడు. "మాది కాదు" అన్నాడు.

ఆయన గొంతు విని నల్లడు తోక ఊపింది. నేను ఆయన వెనకాలే పంచె పట్టుకుని నిలబడి ఉన్నాను. నేనూ ఏమీ అనలేదు.

మా నాన్న పోయి నాలుగేళ్లయింది. ఆయన నాకు చదువు చెప్పించాడు, ఉద్యోగం వచ్చేదాకా మోశాడు. ఆయనమీద నాకు గౌరవమే. కాని ఆ ఒక్క మాట దగ్గర మాత్రం మా యిద్దరి మధ్యా ఏదో చిన్న తలుపు ఎప్పటికీ మూసే ఉండిపోయింది. అదే మాట ఇవాళ నేను మూడుసార్లు అన్నాను. నన్ను వరండాలోనించి చూస్తున్న యింటివారు కూడా ఎవరూ లేరు.

ఆదివారం పొద్దున వీధంతా ముగ్గులమయంగా ఉంది. పండగ ముందరి ఆదివారం గనక ఆడపిల్లలందరూ వాకిళ్లలోనే ఉన్నారు. మా అమ్మాయి రథం ముగ్గు మొదలుపెట్టింది. నేను పేపరు తీసుకోవడానికి గేటు దాకా వెళ్లాను, తీసుకుని వచ్చాను. గేటు గడియ పెట్టనిది నేనే. ఆ సంగతి ముందే ఒప్పుకుంటున్నాను.

పటాసు మొదట మా రథం చక్రాల్లోంచి వెళ్లింది. తరవాత ఎదురింటి తామరపువ్వులోంచి వెళ్లింది. మూడో యింటి కుర్రాడు, ఆరేళ్లవాడు, రబ్బరుబంతి ఎగరేసి పట్టుకుంటూ ఆడుతున్నాడు. ఎగిరిన బంతి మళ్లీ వాడి చేతుల్లో పడలేదు. బంతీ, కుక్కా, కుర్రాడూ ముగ్గూ అన్నీ ఒక్కచోట కలిశాయి. లేచి చూసేసరికి వాడి ముంజేతిమీద ఎర్రని గీత ఉంది. రక్తం కారలేదు గాని అది పంటిగీతే. వాడు గుక్కపట్టి ఏడ్చాడు. పటాసు బంతి తెచ్చి వాడి కాళ్ల దగ్గర పెట్టి, ఇంకోసారి వెయ్యమన్నట్టు కూర్చుంది.

క్షణంలో జనం చేరారు. కుర్రాడి తాతగారి చేతిలో కర్ర ఉంది. "ఎవరిదీ కుక్క?" అని ఒకరు కేకవేశారు. కార్యదర్శిగారు సెల్‌ఫోను తీశారు. ఆయన మంచివారే. నాకు సాయం చేస్తున్నాననే అనుకున్నారు.

"మాస్టారిది కాదండి, నిన్న నాతో వారే చెప్పారు. వీధికుక్కే అయితే ఇప్పుడే ఫోను చేస్తాను, బండి వచ్చి పట్టుకుపోతుంది. అంతే కదండీ మాస్టారూ?"

అందరూ నావంక చూశారు. తలూపితే చాలు. ఆసుపత్రి ఖర్చు నాది కాదు, మాట పడవలసిన పని లేదు, వీధిలో తలెత్తుకు తిరగవచ్చు. పైగా అది నిజంగా మాది కాదు. నేను గేటువంక చూశాను. మా అమ్మ తడిచీరతో పొంగలి గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. ఏమీ అనలేదు. నావంక చూస్తోంది, అంతే.

"మాదేనండి" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. "గేటు తీసి ఉంచింది నేను. తప్పు నాది."

తరవాత జరిగినదంతా చెప్పుకోదగ్గ గొప్ప పనేమీ కాదు. కుర్రాణ్ణి మా కుళాయి దగ్గరికి తీసుకువెళ్లి సబ్బు రాసి, ధార కింద చెయ్యి పెట్టి, గడియారం చూసుకుంటూ పదిహేను నిమిషాలు కడిగాం. కుక్కపంటి గాటుకు మొదటి వైద్యం అదే. పసుపూ, కారం, సున్నం వంటివి పెట్టకూడదు. తరవాత వాణ్ణీ, వాళ్ల నాన్ననీ వెంటబెట్టుకుని ప్రభుత్వాసుపత్రికి వెళ్లాను. కుక్కకు టీకా వేయించిన కార్డు చూపించాను. డాక్టరుగారు అది చూసి మంచిదే అన్నారుగాని, కుక్కకు టీకా పడినా మనిషికి వెయ్యవలసిందేనన్నారు. రేబిస్ ఒకసారి లక్షణాలు బయటపడ్డాక మందు పనిచేసే జబ్బు కాదు, అందుచేత ముందే జాగ్రత్తపడాలన్నారు. కుక్కను పది రోజులపాటు కనిపెట్టి ఉండమన్నారు. కుర్రాడికి రెండో టీకా మూడు రోజులకు రాసిచ్చారు. లెక్కవేస్తే సరిగ్గా భోగినాడు పడింది.

దారిలో కుర్రాడి తండ్రి అనవలసిన నాలుగు మాటలూ అన్నాడు. "చదువుకున్నవారు, మీరే ఇలా చేస్తే ఎలాగండీ?" అన్నాడు. నిజమే కదా అనుకున్నాను. తలవంచుకుని విన్నాను. ఆశ్చర్యమేమిటంటే, ముందురోజు మూడుసార్లు గుచ్చుకున్న ముల్లు ఆ మాటలు పడుతున్నంతసేపూ ఒక్కసారి కూడా గుచ్చుకోలేదు.

యింటికొచ్చేసరికి మా ఆవిడ గేటుకు తాడుతో రెండో గడియ కట్టి ఉంచింది. "భోజనానికి లేవండి" అంది తప్ప ఇంకేమీ అనలేదు. మా అమ్మాయి చెరిగిన రథాన్ని మళ్లీ మొదటి చుక్కనించి పెడుతోంది. పటాసును పెరట్లో జామచెట్టు నీడను కట్టారు. దాని ముందర ఆకులో పొంగలి ఉంది. నేను గబగబా వెళ్లి, "ఎవరు పెట్టారిది? కిస్మిస్ తినకూడదు దానికి!" అన్నాను.

"ఏరేశాను" అంది మా అమ్మ, అరుగుమీదనించి. పక్కన చిన్న పళ్లెంలో ఏరిన కిస్మిస్ పళ్లు లెక్కపెట్టవచ్చు. ఆవిడ కళ్లద్దాలు పెట్టుకుని ఏరినట్టుంది.

సాయంత్రం చలి తిరిగాక ఆవిడ పక్కన కూర్చున్నాను. కాసేపటికి ఆవిడే అంది:

"మీ నాన్నమీద నీకు కోపం ఉండేదిరా. నాకు తెలుసు."

"ఎప్పటి సంగతమ్మా అది."

"మర్నాడు ఆఫీసుకని బయల్దేరి మునిసిపాలిటీకి వెళ్లారు. లైసెన్సు రుసుము కడతాను, కుక్కనిచ్చెయ్యండని అడిగారట. అప్పటికే అయిపోయిందన్నారట. నాకు కూడా చెప్పలేదు. చొక్కా ఉతుకుదామని తీస్తే జేబులో దరఖాస్తు కాగితం కనబడింది. కుక్క పేరన్నచోట నల్లడు అని రాశారు. యజమాని అన్నచోట ఆయన పేరు."

నాకు నోట మాట రాలేదు. కొంతసేపటికి, "మరి నాకెందుకు చెప్పలేదమ్మా?" అన్నాను.

"వద్దన్నారు. 'వాడి ముందర కాదన్నాను. ఇప్పుడీ కాగితం చూపించి ఏం లాభం?' అన్నారు. ఆ రాత్రి అన్నం తినలేదు."

ముప్ఫయ్యేళ్లు పైబడి నేను మూసి పెట్టుకున్న తలుపుకు అవతల ఆయన కూడా నిలబడే ఉన్నాడన్నమాట. ఆయనకు భయముండేది. అద్దె యిల్లు, చిన్న జీతం. నాకు సొంత యిల్లుంది, పర్మనెంటు ఉద్యోగముంది. ఆయన భయాన్ని తప్పుపట్టిన నేను, నా చేతుల్లో అన్నీ ఉండి కూడా మూడుసార్లు ఆ మాటే అన్నాను. మాది అనడానికి మెడలో బిళ్ల అక్కర్లేదని తెలుసుకోవడానికి నాకిన్నాళ్లు పట్టింది. పది రోజులయినా సరే, మన గుమ్మంలో ఉన్నన్నాళ్లు మనదే. మంచి చేస్తేనే మనదీ, కరిస్తే ఊరిదీ అనడానికి లేదు.

పది రోజులు పదిహేనయ్యాయి. భోగినాడు మంట చల్లారక ముందే కుర్రాణ్ణి టీకాకు తీసుకువెళ్లాను. తరవాతి తేదీకి వాడే బంతి పట్టుకుని మా గేటు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. పొద్దుటి గోదావరి గట్టు నాకలవాటయింది. పటాసుకు "కూర్చో" అన్నది అలవాటయింది. మీదికి గెంతడం మాత్రం మూడొంతులు తగ్గింది. మిగిలిన వంతు దాని స్వభావమనుకుని ఒప్పుకున్నాం. గుళ్లో తిరుప్పావై పండగతో ఆగిపోతే అది రెండు రోజులు తెల్లవారుజామున చెవులు నిక్కించి ఎదురుచూసింది. చెప్పులు మాత్రం నేను అటకమీద పెట్టడం మొదలుపెట్టాను.

కడియంవారు రథసప్తమినాడు, ఆదివారం వచ్చారు. డాక్టరుగారు చెప్పిన పది రోజులూ గడిచేదాకా ఆగమని నేనే చెప్పాను, జరిగినదంతా దాచకుండా చెప్పాను. వాళ్లకు మూడెకరాల తోట ఉంది, ఇద్దరు పిల్లలున్నారు. పరుగెత్తేవాళ్లకు పరుగెత్తే జాగా దొరికింది. మా అమ్మ పొద్దున్నే పిడకలమీద పాలు పొంగించి పరమాన్నం వండి, చిక్కుడాకుల్లో సూర్యుడికి నైవేద్యం పెట్టింది. ఆ ఏడు పరమాన్నంలో కిస్మిస్ పడలేదు. సూర్యభగవానుడేమీ అనుకున్నట్టు లేదు.

పటాసు ఎక్కిన ఆటో కదలబోతుంటే మా అమ్మ మడి సంగతి మరిచిపోయి దగ్గరకంటా వెళ్లి, ఆ యింటి కోడలితో, "ద్రాక్ష పెట్టకండమ్మా, విషమట. రాత్రిపూట గోనెసంచీ వెయ్యండి" అంది. తరవాత లోపలికొచ్చి, ఎవరూ అడక్కుండానే, "పొగ పడింది కళ్లలో" అంది. పిడకలు ఆరిపోయి అప్పటికి రెండు గంటలయింది.

సాయంత్రం నాలుగింటికి మూడో యింటి కుర్రాడు బంతి పట్టుకుని వచ్చాడు. గేటు కమ్మీల్లోంచి పెరటివైపు చూసి, "మాస్టారండీ, మీ కుక్కేదండీ?" అన్నాడు.

"కడియంలో ఉంది బాబూ" అన్నాను.

"మరయితే మీది కాదా?"

"మాదే" అన్నాను. "లోపలికి రా, గడియ పెట్టు."